యార్డు దగ్గరి బ్యాంకులో రీ-కేవైసీ: పరిశీలనకు నాలుగు స్టార్లు, కబురుకు ఒకటి

గుంటూరు మిర్చి యార్డులో మాది కమీషన్ దుకాణం. 2025 ఫిబ్రవరిలో, మిర్చి టిక్కీలు (బస్తాలు) ఊపుగా దిగుతున్న రోజుల్లో, మా కరెంట్ అకౌంట్ ఆగిపోయింది. రైతుకు ఆర్టీజీఎస్‌లో, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు, వేసిన డబ్బు వెళ్లలేదు. ఆయన దుకాణంలో స్టూలేసుకుని కూర్చున్నాడు, కదిలితే ఒట్టు. టీలు ఆయనకు, టెన్షన్ నాకు.

కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో బ్యాంకు మళ్లీ సరిచూసుకునే పని, గడువు దాటిందట. మెసేజీలు పంపామన్నారు. నిజమే, పంపారు, ఇంగ్లీషులో, మా పెద్దన్నయ్య నంబరుకు. ఆయన ఫోనెత్తడానికే కళ్లజోడు వెతుక్కునే మనిషి. బ్యాంకుకూ మాకూ రెండు వీధుల దూరం. ఒక మనిషి వచ్చి చెప్పినా సరిపోయేది.

బ్రాంచిలో కేవైసీ చూసే అమ్మాయి మాత్రం గట్టిది. నగదు ఎక్కువగా తిరిగే ఖాతా కాబట్టి మమ్మల్ని హై రిస్క్‌లో పెట్టారట, అందుకే రెండేళ్లకోసారి ఈ తంతు. రిస్క్ తక్కువైతే పదేళ్లకోసారే. "మేమేమైనా దొంగలమా?" అన్నాను. "మిమ్మల్ని చూసి కాదండీ, డబ్బు తిరిగే తీరు చూసి" అంది.

స్టేట్‌మెంట్ తిప్పి, వేసవిలో అంత డబ్బు, వానాకాలంలో ఏమీ లేదేమని అడిగింది. సీజను సంగతి, కోల్డ్ స్టోరేజీ సంగతి చెప్తే రాసుకుంది. తర్వాత ఒక్క ఎంట్రీ మీద వేలు పెట్టింది: అక్టోబరులో 6 లక్షల నగదు జమ. ఎవరిచ్చారు? చప్పున నాకే గుర్తు రాలేదు. గుమాస్తా చేత పుస్తకం తెప్పించి, కొన్నవాడి పేరు చూపిస్తేగానీ వదల్లేదు. అప్పుడు చిరాకేసింది గానీ, మా ఖాతాలోంచి ఎవడైనా తన నల్లడబ్బు తిప్పుకుంటే దొరికేది ఇలాంటి ప్రశ్నకే. "మా మీద అనుమానమొస్తే మాకు చెప్తారా?" అనీ అడిగాను. "చెప్పకూడదండీ" అని నవ్వింది.

అసలు తిప్పలు పిన్నితో. ఫర్మ్‌లో ఆవిడకు 12 శాతం వాటా, ఉండేది సత్తెనపల్లిలో. 2023 ఫిబ్రవరిలో జరిగిన కిందటి కేవైసీలో ఆవిడ ఊసే ఎత్తలేదు, ఎందుకంటే అప్పుడు భాగస్వామ్య సంస్థల్లో 15 శాతం దాటినవాళ్లనే అసలు యజమానులుగా లెక్కేసేవారు. అదే ఏడాది సెప్టెంబరులో దాన్ని 10కి దించారు. దాంతో పిన్ని ఆధార్, పాన్, ఫొటో అన్నీ కావాల్సొచ్చాయి. "దుకాణం గడప తొక్కని దాన్ని, నా కాగితాలెందుకురా?" అని ఫోనులోనే గొడవ. ఆ అమ్మాయి ఫోను తీసుకుని, "మీరూ యజమానేనండీ, మీ పేరు వెనక ఇంకెవరూ లేరని మేం చూసుకోవాలి" అని ఓపిగ్గా చెప్పింది. మర్నాడు పొద్దున్నే పిన్ని బస్సు దిగింది.

మూడో రోజుకు ఖాతా తెరుచుకుంది, రైతు డబ్బు వెళ్లింది. పిన్ని మాత్రం ఆ 'యజమాని' అన్న మాట వదల్లేదు. ఇప్పుడు ప్రతి శనివారం ఫోను చేసి తన వాటా లెక్క అడుగుతోంది.