సర్వర్ సబ్‌స్క్రిప్షన్లన్నీ ఒక్క ఖాతాలోకి తెచ్చాక: రెడ్ హ్యాట్‌తో కొన్నేళ్ల వాడకం

మా కంపెనీకి హైదరాబాద్ డేటా సెంటర్‌లో ఎక్కువ, విశాఖ ఫ్యాక్టరీలో కొన్ని లినక్స్ సర్వర్లు ఉన్నాయి. దాదాపు అన్నీ రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సే, అంటే రెడ్ హ్యాట్ కంపెనీ అప్‌డేట్లు, సపోర్ట్‌తో చందా (సబ్‌స్క్రిప్షన్) మీద ఇచ్చే లినక్స్. మేమంతా రెల్ అంటాం. ఒకప్పుడు ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి ఒక్కో ఖాతా, ఒక్కో డీలర్. ఏడాది పొడవునా ఏదో ఒకటి ఎక్స్‌పైర్ అవుతూనే ఉండేది. రెన్యూవల్ మెయిల్ ఎప్పుడో ఉద్యోగం మానేసిన వాళ్ల ఐడీకి వెళ్లేది. ఇప్పుడు అన్నీ ఒకే ఖాతాలో ఉన్నాయి, గడువు కూడా అన్నింటికీ ఒకే తేదీ. ఈ పని చేయడం నూటికి నూరు పాళ్లు మంచిదే. కానీ దీనితో బరువు తగ్గిపోతుందని అనుకుంటున్నవాళ్లకి ఒక మాట చెప్పాలి. బరువు తగ్గలేదు, టూల్ మీద నుంచి మన మీదకి వచ్చింది.

పాత పద్ధతిలో ప్రతి సర్వర్‌నీ సబ్‌స్క్రిప్షన్ మేనేజర్ అనే రెల్ కమాండ్‌తో రిజిస్టర్ చేసి, ఫలానా సబ్‌స్క్రిప్షన్‌ని దానికి అటాచ్ చేయాలి. అటాచ్ కాకపోతే రిపోలు (ప్యాకేజీలు దించుకునే చోట్లు) రావు, అప్‌డేట్లు వేసే యమ్ కమాండ్ నడవదు. తర్వాత సింపుల్ కంటెంట్ యాక్సెస్ వచ్చింది. 2022 జులైలో కొత్త ఖాతాలకి అదే డీఫాల్ట్ అయింది. అటాచ్ అన్న మాటే లేదు. ఖాతాని గుర్తించే ఆర్గనైజేషన్ ఐడీ, పాస్‌వర్డ్ బదులు వాడే యాక్టివేషన్ కీ ఇచ్చి రిజిస్టర్ చేస్తే చాలు, ప్యాకేజీలు వచ్చేస్తాయి. ఆటోమేటిక్ ఇన్‌స్టలేషన్‌కి వాడే కిక్‌స్టార్ట్ ఫైల్లో ఆ రెండూ పెట్టేస్తే కొత్త సర్వర్ లేస్తూనే అప్‌డేట్లకి సిద్ధం. రోజూ ఈ పని చేసేవాళ్లకి ఇదెంత హాయో వేరే చెప్పక్కర్లేదు.

అయితే రెల్ 8లో సబ్‌స్క్రిప్షన్ మేనేజర్ స్టేటస్ అడిగితే ‘ఓవరాల్ స్టేటస్: డిజేబుల్డ్’ అని వస్తుంది. టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ అది చూసి టెన్షన్ పడతారు. దాని కిందే ఉన్న లైను చదవాలి: కంటెంట్ యాక్సెస్ మోడ్ సింపుల్ కంటెంట్ యాక్సెస్‌లో ఉంది, ఈ సర్వర్‌కి కంటెంట్ అందుతుంది అని. అంతా సవ్యంగా ఉన్నప్పుడు కనిపించే మాటే అది.

లెక్క సంగతికొస్తే, కొన్నదానికంటే ఎక్కువ సర్వర్లు రిజిస్టర్ చేసినా ఇప్పుడు ఏదీ ఆగదు. ఎవరూ ఆపకపోయినా ఒప్పందం ప్రకారం లెక్క తేలాల్సిందే. రెడ్ హ్యాట్ వెబ్‌సైట్ హైబ్రిడ్ క్లౌడ్ కన్సోల్‌లో వాడకం రిపోర్టు చూపిస్తుంది, కానీ మనం శుభ్రంగా ఉంచితేనే అది నిజం చెబుతుంది. తీసేసిన వీఎంలని (వర్చువల్ మెషీన్లని) అన్‌రిజిస్టర్ చేయకపోతే జాబితాలో అలాగే మిగిలిపోతాయి. కాపీలకి మూలంగా వాడే వీఎం టెంప్లేట్ తయారుచేసేముందు సబ్‌స్క్రిప్షన్ మేనేజర్ క్లీన్ కొట్టకపోతే పాత గుర్తింపు సర్టిఫికెట్ క్లోన్లన్నింటిలోకీ వెళ్తుంది. అప్పుడు నాలుగు సర్వర్లు ఒకే పేరు మీద లెక్కలోకొస్తాయి. మా చెక్‌లిస్ట్‌లో ఈ రెండూ అన్నిటికంటే పైన ఉంటాయి.

డబ్బు నిజంగా మిగిలేది వర్చువలైజేషన్ దగ్గర. మామూలు రెల్ సర్వర్ సబ్‌స్క్రిప్షన్ ఒక్కటి ఉంటే, రెండు సాకెట్ల (ప్రాసెసర్ చిప్ కూర్చునే చోట్ల) ఫిజికల్ మెషీన్‌కి గానీ, రెండు వీఎంలకి గానీ సరిపోతుంది. ఒక హోస్ట్ (వీఎంలని నడిపే అసలు మెషీన్) మీద పది వీఎంలు ఉంటే ఐదు కావాలి. అదే వర్చువల్ డేటాసెంటర్స్ రకం తీసుకుంటే, రెండు సాకెట్ల హోస్ట్ మీద ఎన్ని రెల్ వీఎంలు నడిపినా ఒక్కటే చాలు. చాలామంది పట్టించుకోనిది ఇక్కడే ఉంది. క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే హోస్ట్‌ల గుంపులో, వీఎం ఏ హోస్ట్ మీదకైనా జరగగలదు కాబట్టి, అది వెళ్లే అవకాశం ఉన్న ప్రతి హోస్ట్‌కీ కొనాలి. మేం వీఎంలని నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌లో రెల్ వీఎంలు ఫలానా హోస్ట్‌ల మీదే ఉండాలని కచ్చితమైన రూల్ పెట్టి, ఆ హోస్ట్‌లకే కొన్నాం. ఏ వీఎం ఏ హోస్ట్ మీద ఉందో చెప్పే పని విర్ట్-హూ అనే చిన్న సర్వీసుది. వీఎంవేర్‌ని నిర్వహించే వీసెంటర్‌లో విర్ట్-హూ ఖాతా పాస్‌వర్డ్ మారితే అది మౌనంగా గుడ్డిదైపోతుంది, లెక్కంతా తారుమారవుతుంది. దానికి మానిటరింగ్ తప్పకుండా పెట్టండి.

రెల్‌కి ఉచిత రూపమైన సెంట్ఓఎస్ 7కి 2024 జూన్ 30తో కాలం చెల్లాక ఈ లెక్క ఇంకా పెద్దదైంది. అంతవరకూ ఉచితం కాబట్టి ఎవరూ లెక్కపెట్టని సర్వర్లు అవి. వాటిని కన్వర్ట్‌టుఆర్‌హెచ్‌ఈఎల్ అనే టూల్‌తో రెల్‌గా మార్చడం సాంకేతికంగా కష్టం కాలేదు. ‘ఈ సర్వర్ ఎవరిది, బడ్జెట్ ఎవరిది’ అన్న ప్రశ్నకే నెలలు పట్టాయి. ఖాతాలు కలిపేముందే ప్రతి సర్వర్‌కీ ఒక యజమాని పేరు రాయించుకోండి. ఖాతాలు కలపడానికి రెడ్ హ్యాట్ కస్టమర్ సర్వీస్‌కి రాయాలి, గడువులు ఒక తేదీకి తేవడం డీలర్‌తో మాట్లాడుకోవాలి. ఈ రెండూ సర్వర్ల జాబితా చేతిలో ఉంటేనే సాఫీగా సాగుతాయి.

సపోర్ట్ స్థాయి కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. ప్రీమియం అయితే తీవ్రమైన సమస్యలకి రాత్రీ పగలూ సపోర్ట్ ఉంటుంది, స్టాండర్డ్ అయితే ఆఫీసు వేళల్లోనే. అటాచ్ లేదు కాబట్టి ఏ సర్వర్ ఏ స్థాయిదో సర్వర్ వివరాలు రాసే సిస్టమ్ పర్పస్ సెట్టింగ్‌లో మనమే రాసిపెట్టాలి. మేం డేటాబేస్ సర్వర్లకి ప్రీమియం, మిగతావాటికి స్టాండర్డ్ తీసుకున్నాం.

ఇక శాటిలైట్, అంటే సర్వర్లకి అప్‌డేట్లు పంచే రెడ్ హ్యాట్ సాఫ్ట్‌వేర్. అప్‌డేట్లన్నీ ఒకసారి మన దగ్గరికి దించుకుని, కంటెంట్ వ్యూలుగా (ఎంచుకున్న ప్యాకేజీల స్థిరమైన కట్టలుగా) కట్టి, ముందు టెస్ట్‌కి, ఆ తర్వాతే ప్రొడక్షన్‌కి పంపే వెసులుబాటు దీనితోనే వచ్చింది. ప్యాచింగ్ రాత్రులు ప్రశాంతంగా గడుస్తున్నాయంటే అదే కారణం. కానీ అది తేలికైన సాఫ్ట్‌వేర్ కాదు. కనీసం 20 జీబీ ర్యామ్ అడుగుతుంది, డిస్క్ ఎంత ఇచ్చినా పాత కంటెంట్ వ్యూ వెర్షన్లు తీసెయ్యకపోతే నిండిపోతుంది. పైగా దానికి విడిగా డబ్బు కట్టాలి. ముప్పై నలభై సర్వర్లే ఉండి, అన్నింటికీ ఇంటర్నెట్ ఉంటే శాటిలైట్ జోలికి వెళ్లొద్దు, సబ్‌స్క్రిప్షన్‌తో పాటే వచ్చే కన్సోల్ సరిపోతుంది. బయటి నెట్‌వర్క్‌కి దారి లేని సర్వర్లుంటే మాత్రం తీసుకోండి. విశాఖ ఫ్యాక్టరీ సర్వర్లకి ఇంటర్నెట్ ఇవ్వరు, లింకు కూడా సన్నం. అక్కడ శాటిలైట్‌కి స్థానిక శాఖలా పనిచేసే క్యాప్సూల్ సర్వర్ ఒకటి పెట్టి రాత్రి పూట సింక్ అయ్యేలా షెడ్యూల్ చేశాం. పగలు ప్రొడక్షన్ ట్రాఫిక్‌కి అడ్డు రాకుండా అదే నడుస్తోంది.