గోల్ కీపర్‌కు 1600 మీటర్ల పరుగా?

గ్రౌండుకే వచ్చి పిల్లలకు ఫిట్‌నెస్ టెస్టులు చేస్తామని టెస్టులు పెట్టేవాళ్లు చెబితే, మా నెట్‌బాల్ టీమ్ కోసం పిలిపించాను. మాది అనంతపురం పక్కన ఒక హైస్కూల్, నేను పీఈటీని. 12 మంది ఆడపిల్లలు, మనిషికి 250 చొప్పున 3,000 రూపాయలు. డబ్బు నా జేబులోదే కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదటి రోజు ఒళ్లు మండింది. ఆరున్నరకు రమ్మంటే తొమ్మిది దాటాక దిగారు. ఏప్రిల్‌లో మా ఊరి తొమ్మిది గంటల ఎండ సంగతి ఇక్కడివాళ్లకు చెప్పాలా? పైగా పెట్టిన టెస్టులేమిటయ్యా అంటే 1600 మీటర్లు, 100 మీటర్లు, లాంగ్‌జంప్. అచ్చంగా కానిస్టేబుల్ సెలెక్షన్స్! మా జీకే (గోల్ కీపర్) పిల్ల పరుగులో ఆఖరున వచ్చి, "నేను పనికిరానా మేడం" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నెట్‌బాల్ కోర్టు పొడవే 30.5 మీటర్లు. అందులో గోల్ కీపర్ తిరగాల్సింది తన వైపు మూడో వంతులో మాత్రమే. అంటే పది మీటర్ల చిల్లర. ఆమెకు మైలు పరుగుతో ఏం పని?

"బాబూ, ముందు ఒక్క మ్యాచ్ చూడు, ఆ తర్వాత టెస్ట్ పెట్టు" అని టెస్టులు పెట్టిన అబ్బాయితో అన్నాను. మెచ్చుకోవాల్సింది ఇక్కడే. మర్నాడు సాయంత్రం ఆ అబ్బాయి ఒక్కడే వచ్చి, మెట్ల మీద కూర్చుని, ఎవరెవరు ఏం చేస్తున్నారో నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. "బంతి పట్టగానే అంత గట్టిగా ఆగిపోతారేం మేడం?" అని అడిగాడు. బంతి పట్టి నేల మీద ముందు దిగిన కాలు ఎత్తితే మళ్లీ నేల మీద పెట్టేలోపు బంతి వదిలేయాలనీ, మూడు సెకన్లకు మించి చేతిలో ఉంచుకోకూడదనీ చెప్పాను. బాస్కెట్‌బాల్‌లా డ్రిబుల్ చేసుకుంటూ పోవడం కుదరదు మరి.

వారం తర్వాత తెల్లారి ఆరుకే వచ్చాడు, మళ్లీ డబ్బు అడగలేదు. నాకు బాగా నచ్చింది డిఫెండర్లకు పెట్టిన టెస్ట్. షూటర్ దిగిన కాలికి 90 సెంటీమీటర్ల దూరంలో నిలబడే అడ్డుకోవాలి కదా. గోల్ రింగు ఉండే పోల్ ముందు ముగ్గుపిండితో అంత దూరంలో రెండు గీతలు గీశాడు. ఒక గీత దగ్గర షూటర్. రెండో గీత వెనక డిఫెండర్ ఒంటికాలిమీద ముందుకు వాలి, చేతులు పైకెత్తి మూడు సెకన్లు తూలకుండా ఉండాలి. మా జీకే అయిదుసార్లకు అయిదుసార్లూ నిలబడింది. 1600లో ఫస్ట్ వచ్చిన సెంటర్ పిల్ల రెండో సెకన్‌కే గీత దాటి ముందుకు పడింది. జీకే ముఖం చూడాలి అప్పుడు!

ఇంకొకటి, ఎగిరి బంతి పట్టి ఒంటికాలిమీద దిగడం. ఫోన్‌లో స్లోమోషన్ తీసి చూపించాడు. ఇద్దరికి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగుతోంది. ఈ ఆటలో మోకాలి లిగమెంట్ తెగేది ఎక్కువగా ఇలా దిగేటప్పుడే. ఇన్నేళ్లూ నా కళ్లెదుటే ఎగిరారు, నేను పట్టుకోలేకపోయాను. ఒప్పుకుంటున్నాను. సెంటర్‌కు, వింగ్‌లకు మాత్రం 20 మీటర్ల బీప్ టెస్ట్ (బీప్ మోగేలోపు అటూఇటూ పరిగెత్తాలి, వేగం పెరుగుతూ పోతుంది) ఉంచాడు. కోర్టులో ఎక్కువ తిరగాల్సింది వాళ్లే, కాబట్టి అది న్యాయమే.

లోపాలూ ఉన్నాయి. పది మీటర్లు పరిగెత్తుకొచ్చి, తర్వాతి అయిదు మీటర్లు వెళ్లి తిరిగొచ్చే టైమ్ చూసే 505 టెస్ట్‌ను చేతి స్టాప్‌వాచ్‌తో పెట్టాడు. ఒకే పిల్లకు వరసగా 2.8, 3.2, 2.9 వచ్చాయి. మా గ్రౌండ్‌లో మట్టి వదులు, మలుపులో బూట్లు జారాయి. అది పిల్ల వేగమా, మట్టి వేగమా? అన్నింట్లో మంచిదే రాసుకుని ఊరుకున్నాడు. సిమెంటు కోర్టులో మళ్లీ పెట్టమన్నాను, చూద్దామన్నాడు.

రిపోర్ట్ పది రోజులు ఆలస్యం. అదీ మొత్తం ఇంగ్లీషే, గ్రాఫులే. ఎర్ర రంగు చూసి ఒకమ్మ "మా పాపకేమన్నా జబ్బా మేడం" అని భయపడుతూ వచ్చింది. ఒక్కొక్కరికీ నేనే తెలుగులో అర పేజీ రాసిచ్చాను.

అయిదుకు మూడున్నర ఇస్తాను. స్కూళ్లు తెరిచాక మళ్లీ పిలుస్తా. రిపోర్ట్ తెలుగులో ఇస్తానంటేనే అడ్వాన్స్.