దున్నకు దాటించాలా, సూది వేయించాలా: ఏది మేలు?

నర్సంపేట, పరకాల వైపు ఎదకొచ్చిన బర్రెను ఊరి దున్నపోతు దగ్గరికి తోలుకపోయే రైతులు ఇంకా ఉన్నరు. దున్నకైతే చూలు నిలుస్తదని వాళ్ల నమ్మకం. అది ఉత్త నమ్మకమేం కాదు. బర్రెలది మూగ ఎద, ఎండకాలం మరీను. అరవదు, మానం నుంచి కారే తీగలూ సరిగ్గ కనబడవు. మన కంటికి చిక్కనిది దున్న ముక్కుకు చిక్కుతది. వీర్యం సూది (కృత్రిమ గర్భధారణ) వేసే గోపాలమిత్ర బండి వచ్చేసరికి ఎద దాటిపోవుడు పాడి ఉన్నోళ్లందరికీ ఎరుకే.

కానీ దున్నతోని హెర్పిస్ వైరస్ రావచ్చు. డాక్టర్లు ఐబీఆర్ అనేది దీన్నే. సోకిన దున్నకు అంగం తొడుగు లోపల, అంగం మీద ఎర్రటి పొక్కులు లేస్తయి. ఎక్కబోయి నొప్పికి దిగిపోతది. రెండు వారాలల్ల పుండ్లు మానుతయి, రైతు బేఫికర్ అయితడు. వైరస్ మాత్రం పోదు, నరాల ముడులల్ల బతికినంత కాలం దాక్కుంటది. లారీ ప్రయాణమో, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ సూదో పడితే మళ్లీ లేస్తది. అప్పుడు పైకి ఒక్క పొక్కు లేకున్నా వీర్యంల వైరస్ ఉండొచ్చు. దాటిన బర్రెలకు మానంల పొక్కులు, తిరగపొర్లుడు (చూలు నిలవక మళ్లీ ఎదకొచ్చుడు), కొన్నిటికి ఈసుకపోవుడు (చూలు పోవుడు). చూసి కనిపెట్టే రోగం కాదిది.

మరి సూది? వీర్యం దాచే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిల కూడా ఈ వైరస్ చావదు. అందుకే స్ట్రా, అంటే వీర్యం నింపిన సన్న గొట్టం, ఎక్కడిదన్నదే అసలు సంగతి. వీర్య కేంద్రాల జాతీయ ప్రమాణాలల్ల దున్నలకు ఐబీఆర్ పరీక్ష ఉన్నది. కరీంనగర్ సర్కారు కేంద్రం లాంటి చోటు నుంచి వచ్చిన స్ట్రా అయితే నేను ధైర్యంగ వేయిస్త. ఊరు, పేరు లేని స్ట్రా చవకగ వచ్చినా వద్దంట.

వేసెక్టమీ చేసిన (వీర్యనాళం కోసిన) టీజర్ దున్నను పెట్టి ఎద పట్టుకుంటమని కొందరంటరు. ఆలోచన మంచిదే. కానీ వేసెక్టమీతోని చూలు ఆగుతది గానీ రోగం ఆగదు, దున్న ఎక్కుతనే ఉంటది కదా! అంగం తగలకుండ పొట్ట కింద గుడ్డ కట్టాలె, దానికీ నెత్తురు పరీక్ష చేయించాలె.

పొద్దున, మాపు బర్రెను చూసుకునే మనిషి ఇంట్ల ఉంటే నా ఓటు సూదికే. పొద్దున ఎద కనబడితే మాపటికి వేయించాలె. దున్న తప్పదంటే పశువుల డాక్టరుతోని నెత్తురు ల్యాబుకు పంపించి, రోగం లేదని తేలినంకనే వాడుకోవాలె. అట్ల తేలిన దున్నను పక్క ఊరికి వాడుకోను ఇచ్చి తెచ్చుకుంటే మాత్రం మళ్లీ పరీక్ష చేయించాల్సిందే.