రాయగడలో కుట్టించిన సైడ్ బ్యాగులు, ఒడిశా దక్షిణపు కొసనున్న మోటు దాకా వెళ్లొచ్చాక

ముందు ధర చెప్పేస్తాను, ఎలాగూ అందరూ అడిగేది అదే. జత బ్యాగులు 1,900 రూపాయలు. బైకుకి కుడివైపు ఇనప కమ్మీ పెట్టించినందుకు పక్క వెల్డింగ్ షాపులో ఇంకో 350. ఆ కమ్మీ ఎందుకో తర్వాత చెప్తాను, అసలు కథంతా దాని చుట్టూనే ఉంది.

దీనికి ముందు ఆన్‌లైన్‌లో 4,600 పెట్టి కొన్న జత ఉండేది. కంపెనీ పేరు ఎత్తను, ఎత్తినా లాభం లేదు, ఆ మోడల్ ఇప్పుడు అమ్మట్లేదు. చూడ్డానికి మాత్రం పెళ్లికొడుకులా ఉండేవి. వాటికిచ్చిన రెయిన్ కవర్లలో ఒకటి దేవమాలి ఎక్కుతుంటే గాలికి లేచిపోయింది, 1,672 మీటర్ల కొండ మీద గాలికి ఎలాస్టిక్ ఏం ఆగుతుంది. సరే, కవరు పోతే పోయిందనుకున్నాను. అసలు దెబ్బ నందపూర్ ఘాటు రోడ్డులో తగిలింది. నాది పదేళ్ల పల్సర్ 150. ఎడమవైపు సారీ గార్డ్ ఉంటుంది కాబట్టి ఆ పక్క బ్యాగు దానికి ఆనుకుని బుద్ధిగా కూర్చుంటుంది, కుడివైపు ఆనడానికి ఏమీ ఉండదు, ఉన్నది సైలెన్సర్ ఒక్కటే. గుంటల్లో బైకు ఎగిరినప్పుడల్లా బ్యాగు కిందికి జారి దాన్ని ముద్దు పెట్టుకుంటూ వచ్చింది. కాలిన వాసన వస్తే క్లచ్ ప్లేట్లేమో అనుకుని టెన్షన్ పడి దిగి చూస్తే బ్యాగు అడుగున అరచెయ్యంత కన్నం, లోపల టవలు అంచు మాడిన అట్టులా ఉంది.

అందుకే ఈసారి రాయగడలోనే బైకులకి, ఆటోలకి సీటు కవర్లు కుట్టే షాపుకి వెళ్లాను. ఈ ఊళ్లో తెలుగువాళ్లందరికీ తెలిసిన బాపతు షాపే, బోర్డు ఒడియాలో, లోపల మాటలు తెలుగులో. ఫోన్లో ఫొటోలు చూపించి అచ్చం ఇలాగే కావాలన్నాను. ఆయన ఫొటో కేసి రెండు సెకన్లు కూడా చూడలేదు, బైకు దగ్గరికి వచ్చి కుడివైపు చెయ్యి పెట్టి సైలెన్సర్‌కి, సీటుకి మధ్య జానతో కొలిచాడు.

"ఏటి మోస్తావు బాబూ ఇందులో?"

"బట్టలు, టూల్స్, చిన్న టెంటు, బాబాయ్."

"మరయితే జిప్పెందుకు? మట్టి పడితే రెండ్రోజులకి నోరు తెరిచేస్తాది. మూతి చుట్టీసి బకిలు పెట్టేస్తాను. కుడిపక్కది రెండంగుళాలు పొట్టిగా కుడతాను, సమానంగా లేదని మళ్లీ నా మీద గొడవకి రాకు."

నిజంగానే సమానంగా లేవు. వెనకనుంచి చూస్తే బైకు ఒక భుజం ఎత్తి నడుస్తున్నట్టు ఉంటుంది, మా తమ్ముడు ఇప్పటికీ నవ్వుతాడు. కానీ ఆ రెండంగుళాలే నా టవలు కాపాడాయి. దానికి తోడు కమ్మీ కూడా ఆయన సలహానే, వేలు లావు ఊచని వంచి సారీ గార్డ్‌లా కుడివైపు వెల్డింగ్ చేయించాం, బ్యాగు దాని మీద ఆనుతుంది, సైలెన్సర్ వైపు జారదు.

గుడ్డ లారీల మీద కప్పే టార్పాలిన్, రెండు పొరలు. అడుగున లారీ ట్యూబు ముక్క వేశాడు. సీటు మీదుగా వెళ్లే పట్టీలు మందపాటి నవారు, బకిళ్లు ఇనపవి. ఖాళీ బ్యాగులే బరువుగా ఉంటాయి, తడిస్తే ఇంకా. అందానికి మార్కులు అడక్కండి.

దసరా వెళ్లాక నాలుగు రోజులు తిప్పాను, మీటర్లో 800 కిలోమీటర్లు దాటింది. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్, అక్కడినుంచి నందపూర్, లమ్తాపుట్, డుడుమ. జలపాతం 175 మీటర్ల ఎత్తునుంచి పడుతుంటే ఆ తుంపర పై గట్టు దాకా కొడుతుంది, అరగంట బైకు అక్కడే ఆపాను, కావాలనే. నీళ్లు దిగాయా? దిగాయి. గుడ్డలోంచి చుక్క రాలేదు కానీ కుట్టు వెంట సూది కన్నాల్లోంచి ఊరింది. ఆ రాత్రి కుట్ల మీద కొవ్వొత్తి రుద్దాను, కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. చివరికి పనికొచ్చింది యూరియా బస్తా లోపల ఉండే పల్చటి ప్లాస్టిక్ సంచి. బట్టలు అందులో పెట్టి మూతి మెలిపెట్టి బ్యాగులో దూర్చాను, తర్వాత ఒక గెడ్డలో సైలెన్సర్ మునిగేంత నీళ్లలో దాటించినా లోపల చొక్కా పొడిగానే ఉంది. వాటర్‌ప్రూఫ్ అని ఆయన చెప్పనూ లేదు, నేను అడగనూ లేదు, కాబట్టి దీనికి మార్కులు కొయ్యను.

ఒనకఢిల్లీలో గురువారం సంత తగిలింది. ఇక్కడో మాట, బ్యాగులతో సంబంధం లేదు కానీ చెప్పకుండా ఉండలేను. బోండా తెగ గిరిజన ఆడవాళ్లు కనిపించగానే ఫోన్లు పైకెత్తే రైడర్లని చూస్తే ఒళ్లు మండుతుంది. వాళ్లు అమ్ముకోవడానికి వచ్చారు, మన రీలులో కనిపించడానికి కాదు.

ముదులిపడ వైపు ఘాటు రోడ్డు బ్యాగులకి అసలు పరీక్ష పెట్టింది. రాళ్లు తేలిన దిగుడులో ఎడమ పట్టీ కుట్టు సగం ఊడింది. ఇది లోపమే, ఒప్పుకోవాలి, మొత్తం బరువు మోసే చోట ఇంకో రెండు వరసలు కుట్టి ఉండాల్సింది. బంగీ తాడుతో కట్టేసుకుని బలిమెల దాటి మల్కనగిరి వైపు వస్తుంటే ఎంవీ (మల్కనగిరి విలేజ్) అని నంబర్లతో పిలిచే ఊళ్లు తగుల్తాయి కదా, దండకారణ్యం ప్రాజెక్టు కింద తూర్పు బెంగాల్ శరణార్థులకి ఇచ్చిన ఊళ్లు, వాటిలో ఒకచోట అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్న టైలర్ కనిపించాడు. ఆయనకి తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు, తెగిన చోటు చూపించాను, అంతే. మామూలు మిషను నవారులోకి దిగలేదు, పెద్ద సూది తీసి చేత్తో అడ్డంగా కుట్టాడు. ఇరవై నిమిషాలు, 40 రూపాయలు. పాత బ్యాగులకైతే ఆ చోట అతికించిన ప్లాస్టిక్ క్లిప్పు ఉండేది, అది విరిగితే కొరియర్‌లో కొత్తది రావాల్సిందే. ఈ రూటుకి కొరియరేంటి, చాలాచోట్ల సిగ్నలే లేదు.

చిత్రకొండ దగ్గర గురుప్రియ వంతెన మీద బాగా గాలి. 910 మీటర్ల వంతెన, 2018లో తెరిచారు, అంతకుముందు బలిమెల రిజర్వాయర్ అవతలి ఊళ్లవాళ్లకి లాంచీయో పడవో దిక్కు. పక్కగాలికి బ్యాగులు కొట్టుకుంటాయేమో అనుకున్నాను, బరువుకి కదల్లేదు. మైనస్ అనుకున్నది అక్కడ ప్లస్ అయింది.

మల్కనగిరి నుంచి కలిమెల మీదుగా మోటు, అక్కడ సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. దాటితే చింతూరు, టీ కొట్లో మళ్లీ మన భాష. జూలై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం ఇటు బ్యాగులేసుకుని బయల్దేరకండి. కూనవరం దగ్గర గోదావరి నిండుగా ఉంటే శబరి కిందికి దిగలేక వెనక్కి ఎగదన్నుతుంది, రోడ్డు మీదికి నీళ్లొచ్చి మోటు, చింతూరు మధ్య బళ్లు ఆగిపోతాయి.

వెనక మనిషిని ఎక్కించుకునేవాళ్లకి ఇవి వద్దు. ఎడమ బ్యాగు ఫుట్‌రెస్ట్ మీదికి వస్తుంది, మా ఆవిడ పది నిమిషాలు కూర్చుని దిగిపోయింది. తాళం వేసే వీల్లేదు, విలువైనవి పెట్టకండి. ఒంటరిగా తిరిగేవాళ్లు మాత్రం సొంత బైకు తీసుకెళ్లి, దాని మీదే కొలతలు ఇచ్చి, పట్టీలకి నాలుగు వరసల కుట్టు అని గట్టిగా చెప్పి కుట్టించుకోండి. అయిదుకి నాలుగు ఇస్తాను.

ఆ తగ్గించిన ఒక్కటీ కుట్టుకి కాదు, టైముకి. బుధవారం ఇస్తానన్న బ్యాగులు పై ఆదివారం చేతికొచ్చాయి, ఆఫీసులో సెలవులు మార్చుకోవాల్సి వచ్చింది. మొన్న పట్టీ గట్టి చేయించడానికి మళ్లీ రాయగడ షాపుకి వెళ్లాను. ఆ బెంగాలీ టైలర్ వేసిన చేతికుట్టు మీద షాపాయన వేలు పెట్టి చూసి, "ఇది విప్పను, బాగా కుట్టేడు" అన్నాడు. మిగిలిన మూడు పట్టీలకి వరసలు వేసి బుధవారం ఇస్తానన్నాడు. ఏ బుధవారమో నేను అడగలేదు.