పీల్చే గాలి, వదిలే గాలి: తేడా ఎంత?

పీల్చేదంతా ఆక్సిజన్, వదిలేదంతా కార్బన్ డయాక్సైడ్ అని చాలామంది అనుకుంటారు. రెండూ నిజం కాదు.

పీల్చే పొడి గాలిలో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ దాదాపు 21 శాతం, ఆర్గాన్ ఒక శాతం లోపు ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతమే. (మొక్కలు ఆహారం తయారు చేసుకునేది ఆ కొంచెంతోనే!) వదిలే గాలిలో ఆక్సిజన్ సుమారు 16 శాతానికి తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ సుమారు 4 శాతానికి పెరుగుతుంది. నైట్రోజన్, ఆర్గాన్ వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొస్తాయి.

నాకు ఇందులో ముఖ్యంగా తోచేది కార్బన్ డయాక్సైడ్ సంగతే. ఆక్సిజన్ ఉన్నదాంట్లో పావు వంతు తగ్గితే, ఇది ఏకంగా వంద రెట్లు పెరిగింది. అందుకే కిటికీలు మూసిన గదిలో జనం నిండితే, ఆక్సిజన్ కొరత కంటే ముందు ఇది పేరుకుపోవడమే సమస్య అవుతుంది. తలనొప్పి, మగత మొదలవుతాయి. ఊపిరి బిగబట్టినప్పుడు ఇక ఆగలేం అనిపించేది కూడా ప్రధానంగా రక్తంలో ఇది పెరగడం వల్లే. కాబట్టి గదిలోకి గాలి వచ్చేలా చూసుకోవడం చిన్న విషయం కాదు.

తేమలోనూ తేడా ఉంది: వదిలే గాలి వెచ్చగా, నీటి ఆవిరితో నిండి ఉంటుంది. అద్దం మీద ఊదితే మసకబారేది అందుకే.

అలాగని వదిలే గాలి పనికిరానిదేమీ కాదు. శ్వాస ఆగిపోయిన మనిషికి నోటితో ఊపిరి ఊదినప్పుడు, అందులో మిగిలిన 16 శాతం ఆక్సిజనే ప్రాణం నిలబెట్టడానికి తోడ్పడుతుంది.