ఫైర్‌ఫాక్సా, క్రోమా, ప్రైవేట్ డీఎన్ఎస్సా: యాడ్స్ ఆపడానికి ఏది మేలు?

మా కొట్టు పర్లాకిమిడిలో. జెరాక్స్, ప్రింట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు. ఊరు 1936లోనే ఒడిశాలో కలిసింది కానీ మా కొట్టుకొచ్చేవాళ్లలో చాలామంది తెలుగులోనే పని చెబుతారు. పాతపట్నం వైపు నుంచీ వస్తారు. పొద్దున ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో ఒడియా పట్టా తీసిన కంప్యూటర్‌లోనే మధ్యాహ్నం ఆంధ్రా సైట్లు తెరవాలి. ఉన్నవి రెండు కంప్యూటర్లు, రెండూ నాలుగు జీబీ ర్యామ్‌వే.

పరీక్షల రోజుల్లో ఒక పెద్దాయన మనవరాలికి పాత ప్రశ్నపత్రాలు కావాలని వచ్చాడు. ఏదో సైటు తెరిచాను. పేజీలో మూడు డౌన్‌లోడ్ బటన్లు. నేను తటపటాయిస్తుంటే ఆయనే, "పచ్చగా పెద్దది ఉన్నాది గదా బాబూ, అదే నొక్కీ" అన్నాడు. నొక్కాను. ఇంకో పేజీ తెరుచుకుంది, 'అలో' నొక్కమంది. తొందరలో అదీ నొక్కేశాను. తర్వాత నాలుగు రోజులు తెర మూలన 'మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి' అంటూ ఒకటే హెచ్చరికలు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ సైటుకిచ్చిన నోటిఫికేషన్ అనుమతి తీసేదాకా వదల్లేదు. అసలు డౌన్‌లోడ్ లింకు పేజీ అడుగున, చిన్న నీలం అక్షరాల్లో ఉంది.

అప్పటిదాకా యాడ్ బ్లాకర్ అంటే చిరాకు తగ్గించుకునే సరదా అనుకున్నాను. ఆ రోజు నుంచి అది పనిముట్టే.

మొదట చూడాల్సినవి రెండు: ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్, క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ లైట్. యాడ్స్ ఆపడానికి బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాంలివి, వీటినే ఎక్స్‌టెన్షన్లంటారు. రెండూ రేమండ్ హిల్ చేసినవే, రెండూ ఉచితం. మరి రెండెందుకంటే, గూగుల్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మార్చింది. పాత పద్ధతిలో పేజీ ఏ ఫైలు అడిగినా ఎక్స్‌టెన్షన్ అప్పటికప్పుడు చూసి, రానివ్వాలో ఆపాలో తనే తేల్చేది. కొత్త పద్ధతిలో ఆపాల్సినవాటి జాబితా ముందే బ్రౌజర్‌కి ఇచ్చేయాలి, ఆపే పని బ్రౌజర్ చూసుకుంటుంది. దాంతో 2025లో క్రోమ్‌లో అసలు యూబ్లాక్ ఆరిజిన్ ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం పూర్తిగా పనిచేస్తోంది.

లైట్‌ని తీసిపారేయడానికి లేదు. మామూలు వార్తల సైట్లలో రెంటికీ తేడా నా కంటికి పెద్దగా కనబడలేదు. పైగా దాని బేసిక్ మోడ్‌కి, మనం తెరిచిన ప్రతి పేజీనీ చదివే అనుమతి అక్కర్లేదు. జనం ఆధార్ నంబర్లు రోజంతా తెర మీద ఉండే నాలాంటి కొట్టుకి అది చిన్న విషయం కాదు. కానీ ఆ పచ్చ బటన్ లాంటి దొంగ వేషాలేసే సైట్లు రోజుకో కొత్త దారి వెతుకుతాయి. జాబితాలు ఎప్పటికప్పుడు తెచ్చుకుని, అప్పటికప్పుడు తేల్చగలిగేది లైట్ కాదు, అసలు యూబ్లాక్ ఆరిజినే. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా తను సిఫారసు చేసే ఎక్స్‌టెన్షన్లలో దాన్ని ఉంచింది. కాబట్టి కొట్టులో రెండు కంప్యూటర్లలోనూ ఫైర్‌ఫాక్సే. బరువైన పేజీలు కూడా నా పాత మిషన్లలో ఇప్పుడు కాస్త తేలిగ్గా తెరుచుకుంటున్నాయి.

ఎప్పుడైనా దరఖాస్తు సగంలో బటన్ కదలకపోతే టెన్షన్ పడక్కర్లేదు. కవచం గుర్తు నొక్కి, పెద్ద పవర్ బటన్‌తో ఆ ఒక్క సైటుకి ఆపేసి, పేజీ మళ్లీ లోడ్ చేస్తే సరి. వేసుకునేటప్పుడు పేరు మాత్రం చూసుకోవాలి. 'ఆరిజిన్' లేకుండా ఒట్టి 'యూబ్లాక్' అని ఉన్నది వేరేవాళ్లది.

యాడ్‌బ్లాక్ ప్లస్ పేరు చాలామంది విన్నదే. అది 2011 నుంచి 'ఒప్పుకోదగ్గ' యాడ్స్ కొన్నిటిని వదిలేస్తుంది, పెద్ద కంపెనీల దగ్గర అందుకు డబ్బూ తీసుకుంటుంది. సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు, కానీ కాపలాదారు దొంగ దగ్గరే జీతం తీసుకుంటున్నట్టు అనిపించి నేను దాని జోలికి పోలేదు. ఎక్స్‌టెన్షన్ వేసుకోవడం కూడా బెడద అనుకునేవాళ్లకి బ్రేవ్ బ్రౌజర్ ఉంది, అందులో యాడ్స్ ఆపడం ముందే కలిపి ఉంటుంది.

ఫోన్ సంగతి వేరు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు వేసుకోనివ్వరు. ఫైర్‌ఫాక్స్‌లో అదే యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోవచ్చు, నా ఫోన్‌లో అదే. అమ్మకి బ్రౌజర్ మార్చు అంటే వినదు. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిచ్చేది. ఆవిడ ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర, యాడ్స్ ఆపే యాడ్‌గార్డ్ అనే సంస్థ వాళ్ల ఉచిత సర్వర్ పేరు రాసి పెట్టాను. ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ వీలుంది. యాడ్స్ పంపే సైట్ల చిరునామాలే ఫోన్‌కి దొరకవు కాబట్టి బ్రౌజర్‌లోనే కాదు, యాప్‌లలో కూడా చాలావరకు తగ్గుతాయి. ఒక్కటే ఇబ్బంది. ఆ సర్వర్ అందకపోతే నెట్ మొత్తం ఆగిపోయినట్టుంటుంది. సరిహద్దు ఊళ్లలో సిగ్నల్ సంగతి తెలిసిందే. నెలకోసారైనా "నెట్ రావట్లేదురా" అని ఫోను, నేను వెళ్లి డీఎన్ఎస్ తీసి మళ్లీ పెట్టడం.

ఇంకో మాట. యాడ్స్ మీదే బతికే చిన్న తెలుగు సైట్లున్నాయి. నేను రోజూ చదివే రెండింటికి బ్లాకర్ ఆపే ఉంచాను. తెలుగు వ్యాసం పక్కన ఒడియాలో యాడ్ వస్తుంది, ఫోన్ ఎక్కడుందో దానికి తెలుసు, నేనేం చదువుతున్నానో తెలీదు. వాళ్లకో పైసా వస్తుందంటే నాకు అభ్యంతరం లేదు.

డీఎన్ఎస్ పద్ధతికి యూట్యూబ్ యాడ్స్ ఆగవు. వీడియో వచ్చే చోటు నుంచే యాడూ వస్తుంది, ఒకటి ఆపితే రెండోదీ పోతుంది. అమ్మకి దాంతో పేచీ లేదు. యాడ్ రాగానే ఫోన్ పక్కన పెట్టి పోపు వేసుకోవడానికి లేస్తుంది.