మోడల్ విమానానికి వంటింటి ఫాయిల్: నాలుగేళ్ల తర్వాత

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ యుద్ధవిమానం పీ-51డీ మస్టాంగ్ మోడల్‌కి (1/48 సైజు, అంటే అసలుదానిలో 48వ వంతు) లోహంలా కనిపించాలని అల్యూమినియం ఫాయిల్ అంటించి నాలుగేళ్లయింది. తర్వాత ఇంకో రెండు విమానాలూ ఇలాగే చేశాను. ఎలా అంటించాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి, ఆ జోలికి పోను. నన్ను దీనికి కట్టిపడేసింది ఒక్కటే: ఫాయిల్ మీది గీతలు.

ముక్కని వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. రోలర్ల మధ్య సాగినప్పుడు పడిన సన్నటి గీతలు అన్నీ ఒకే వైపుకి కనిపిస్తాయి. ఒక ప్యానెల్‌కి (విమానం పైనున్న ఒక్కో రేకు భాగానికి) నిలువుగా, పక్కదానికి అడ్డంగా కత్తిరించి అంటిస్తే ఒకే రేకు రెండు లోహాల్లా కనిపిస్తుంది. మోడల్‌ని కాస్త తిప్పగానే ఇందాక తెల్లగా ఉన్నది నల్లబడుతుంది, నల్లగా ఉన్నది మెరుస్తుంది. నాలుగు రకాల వెండి రంగులు కొట్టి చూశాను, ఒక్కదానితోనూ ఇది రాలేదు. మెరుపు తగ్గాల్సిన చోట మసక వైపు పైకి పెడతాను. చివరి రోలింగ్‌లో రెండు రేకుల్ని కలిపి నొక్కుతారు కాబట్టి ఒకదానికొకటి తగిలిన వైపు అలా మసకగా వస్తుంది.

మొదటి విమానం మాత్రం ఏడిపించింది. అన్నీ అయిపోయి, డెకల్స్ (గుర్తులు, అంకెల స్టిక్కర్లు) కూడా వేసి అద్దాల పెట్టెలో పెట్టాక మూడో వారంలో కాక్‌పిట్ వెనక ఒక పొక్కు లేచింది. మర్నాటికి ఐదు. గుండె జారిపోయింది. తప్పు నాదే. నీళ్లతో కలిసిన జిగురు తెల్లగా పూస్తాం, అది ఆరి పూర్తిగా పారదర్శకమయ్యాకే ఫాయిల్ వేయాలి. ఆ రాత్రి తొందరపడి, ఇంకా పాలలా ఉండగానే వేసేశాను. రేకులోంచి తేమ బయటికి పోలేదు, ఆ చోట జిగురు పట్టనే లేదు. సూదితో పొడిచి, దూదిపుల్లతో రుద్దితే ఒకటి అణిగింది, మిగతావి ముడతలు పడ్డాయి. చివరికి బ్లేడుతో ప్యానెల్ గీత వెంట కోసి ఆ ఒక్క ముక్కే లాగేశాను. శుభ్రంగా వచ్చేసింది! కొత్త ముక్క వేశాక ఏది పాతదో నాకే తెలియలేదు. అదే రంగైతే ఆ పక్కంతా గీకాల్సి వచ్చేది.

అప్పట్లో మిత్రులందరికీ విమానం మొత్తం ఫాయిలే వేయమని చెప్పాను. ఇప్పుడలా చెప్పను. స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలోని ముక్కులాంటి టోపీ), రెక్కల కొసల్లాంటి గుండ్రటి చోట్ల ముడతలు పోవు, అక్కడ రంగే వేస్తున్నాను. కింద ఒక్క దుమ్ము రేణువున్నా మొటిమలా పైకి తేలుతుంది. గోరు తగిలితే నొక్కు పడుతుంది.

పైగా అసలు మస్టాంగ్ రెక్కలు వట్టి లోహం కాదని ఆలస్యంగా తెలిసింది. గాలి సాఫీగా జారాలని ఫ్యాక్టరీలోనే అతుకులు, రివెట్లు పుట్టీతో నింపి వెండి రంగు వేసేవారు. రడ్డర్‌కైతే (తోక మీద నిలువుగా కదిలే చుక్కానికి) గుడ్డ తొడుగు. 1944లో రంగు లేకుండా మెరుస్తూ వచ్చిన ఆ విమానాల్లో నేను ఫాయిల్ వేయాల్సింది ముఖ్యంగా బాడీకే.

నేను ఏడాదికి ఒక్క మోడలే చేస్తాను. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఘాటైన లాకర్ రంగుల వాసన కుదరదు. ఓపిక నాకు భారం కాదు. ఎయిర్‌బ్రష్ (రంగు చిమ్మే చిన్న స్ప్రే పరికరం), గాలి బాగా ఆడే గది ఉన్నవాళ్లకి ఇంత శ్రమ అవసరమో కాదో చెప్పలేను.

మొదటి మస్టాంగ్ రెక్కల మీది ఫాయిల్ తీసేయాలని రెండుసార్లు బ్లేడు పట్టుకున్నాను. కిటికీ వెలుతురు పడగానే చెయ్యి రాలేదు.